బుకేలేకి 85 శాతం ఓట్లు ఎందుకు పడ్డాయి? ఆ పద్ధతి మనకు పనికొస్తుందా?

ప్రశ్న క్లుప్తంగా: ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు నయీబ్ బుకేలే గ్యాంగుల వాళ్లను వేలకు వేలు జైల్లో కుక్కాడు. మానవ హక్కుల సంఘాలు ఎంత మొత్తుకున్నా జనం మళ్లీ అతన్నే గెలిపించారు. జనం అంత తెలివితక్కువ వాళ్లా, లేక హక్కుల వాళ్లు చెప్పేదే తప్పా? మన దగ్గర కూడా రౌడీలను, గంజాయి బ్యాచ్‌లను అలా ఏరిపారేస్తే పోదా?

ముందు జవాబు చెప్పేస్తాను. జనం తెలివితక్కువ వాళ్లేం కాదు. వాళ్లు వేసుకున్న లెక్క వాళ్లకు సరిపోయింది. గ్యాంగుల బెడద పోయిందన్న సుఖం ఇంటింటికీ, రోజూ తెలిసింది. దాని ఖరీదు మాత్రం కొన్ని ఇళ్ల మీదే పడింది, అవీ చాలావరకు పేదల ఇళ్లు. అయితే జనం చప్పట్లు కొట్టారు కాబట్టి పద్ధతి పనిచేసిందని అనుకోవద్దు. అదే దేశంలో అదే నినాదానికి ఇరవై ఏళ్ల కిందట కూడా చప్పట్లు పడ్డాయి, అప్పుడు హత్యలు పెరిగాయి. ఇక మన సంగతి అంటారా, బుకేలే ఇంత చేసి 2024లో ఏ హత్యల రేటుకు చేరాడో దాదాపు అదే మనకు ఇప్పటికే ఉంది.

నా గురించి రెండు ముక్కలు. హైదరాబాద్‌లో క్రిమినల్ ప్రాక్టీసు, ఎక్కువగా ముద్దాయిల వైపు. పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) డిటెన్షన్లు, రౌడీషీట్లు, బెదిరించి వసూళ్లు చేసిన కేసులు నా రోజువారీ పని. ఎల్ సాల్వడార్ వెళ్లలేదు. కానీ మనిషిని విచారణ లేకుండా లోపల ఉంచడం అనే వ్యవహారంతోనే నాకు తెల్లారి పొద్దుగూకుతుంది కాబట్టి అక్కడ జరిగేదాన్ని మొదట్నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను.

అక్కడ జనం ఎలా బతికారో తెలియకుండా ఆ ఓటు అర్థం కాదు. అది తెలంగాణలో అయిదో వంతు కూడా లేని దేశం. జనాభా అరవై లక్షల పైచిలుకు. 1980 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నడిచి 75 వేల మంది దాకా చనిపోయారు. యుద్ధానికి భయపడి లాస్ ఏంజెలెస్ చేరిన కుటుంబాల పిల్లలు కొందరు అక్కడి వీధి ముఠాల్లో కలిశారు. 1990లలో అమెరికా వాళ్లను వేల సంఖ్యలో వెనక్కి తోలేసింది. ఎంఎస్ 13, బారియో 18 అనే ముఠాలు ఆ దేశంలో వేళ్లూనుకున్నది అలాగే. అప్పటికి అక్కడ పోలీసు వ్యవస్థనే కొత్తగా కట్టుకుంటున్నారు.

ఆ ముఠాల ప్రధాన ఆదాయం మామూళ్లు. అక్కడ 'రెంటా' అంటారు. బస్సు ఓనరు, కూరగాయల బండివాడు, పుపుసా రొట్టెలు కాల్చి అమ్మే ముసలమ్మ, అందరూ కట్టాల్సిందే. కట్టని వాళ్లను చంపేవాళ్లు. బస్సు డ్రైవర్లు, కండక్టర్లు ఎంతమంది అలా పోయారో. 'చూడు, విను, నోరు మూసుకో' అని ముఠా వాళ్లు గోడల మీద రాసిపెట్టేవాళ్లు. ఒక ముఠా పేటలో ఉండేవాడు పక్క ముఠా పేటలో అడుగు పెట్టే వీల్లేదు. గుర్తింపు కార్డు మీద అడ్రసు చూసి చంపిన సందర్భాలున్నాయి. అంటే కూతుర్ని కాలవ అవతలి పేటలో ఇస్తే తల్లి పండక్కి కూడా ఆ ఇంటికి పోలేదన్నమాట.

2015లో ఆ చిన్న దేశంలో 6,600 పైగా హత్యలు జరిగాయి. లక్ష జనాభాకు వంద దాటింది. ఆ లెక్కన తెలంగాణలో ఏడాదికి 36 వేల మంది హత్యకు గురవ్వాలి. 2022లో మొత్తం భారతదేశంలో నమోదైన హత్య కేసులే 28,522. ఒక్క నిమిషం ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అలాంటి చోట బతికినవాడి దగ్గరికి వెళ్లి 'చట్టబద్ధమైన ప్రక్రియ' గురించి ఉపన్యాసం ఇస్తే, ఆ చట్టం ఇన్నాళ్లూ ఎక్కడ పడుకుందని అడుగుతాడు. అడగడంలో తప్పేం లేదు.

అసలు చూడాల్సింది 2003 సంగతి. బుకేలే గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని దాటేసి పోతారు. 2003 జులైలో అప్పటి అధ్యక్షుడు ఫ్రాన్సిస్కో ఫ్లోరెస్ 'మానో దూరా', అంటే ఉక్కుపిడికిలి అనే విధానం ప్రకటించాడు. ఒంటిమీద పచ్చబొట్టు ఉన్నా చాలు, లోపలెయ్యొచ్చు. మరుసటి ఏడాది మార్చిలో ఎన్నికలు. జనానికి ఇది బాగా నచ్చింది, ఆయన పార్టీ అరేనా గెలిచింది. కొత్తగా వచ్చిన ఆంటోనియో సాకా ఇంకో మెట్టు ఎక్కి 'సూపర్ మానో దూరా' అన్నాడు. మన సినిమా టైటిల్‌లా ఉంది కదా, కానీ అధికారిక కార్యక్రమం పేరే అది.

ఏం జరిగింది? వేల మందిని పట్టుకున్నారు. సాక్ష్యాలు లేక జడ్జిలు చాలామందిని వదిలేశారు. ఆ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశారు. జైళ్లలో కొట్టుకుంటున్నారని ఏ ముఠా వాళ్లను ఆ ముఠాకు కేటాయించిన జైల్లో వేశారు. అప్పటిదాకా పేటకో గుంపుగా విడివిడిగా ఉన్న కుర్రాళ్లు ఒకే కప్పు కింద చేరి, లోపల్నుంచే ఫోన్ల మీద దేశమంతా నడిపించడం నేర్చుకున్నారు. హత్యలు తగ్గలేదు సరికదా పెరిగాయి. ముఠాలు ముందుకన్నా బలపడ్డాయి.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ 2012లో. మౌరిసియో ఫూనెస్ ప్రభుత్వం గుట్టుగా ముఠా నాయకులతో రాజీ చేసుకుంది. నాయకులను కాస్త సౌకర్యమైన జైళ్లకు మార్చారు, వాళ్లు హత్యలు ఆపమని బయటికి కబురు పెట్టారు. హత్యలు దాదాపు సగానికి పడిపోయాయి. జనం మెచ్చుకున్నారా? ఛీకొట్టారు. మా పిల్లల్ని చంపినవాళ్లతో బేరాలా అన్నారు. పైగా వసూళ్లు ఆగలేదు. రెండేళ్లలో రాజీ చెడి, 2015లో పైన చెప్పిన ఘోరం జరిగింది. ఆ రాజీ చేసినందుకు 2023లో ఫూనెస్‌కు అక్కడి కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది.

అంటే హత్యలు పెంచిన విధానం ఓట్లు తెచ్చింది, హత్యలు తగ్గించిన విధానం పరువు తీసింది. ఎవరైనా నాకు 'జనం మద్దతు చూడండి సార్' అన్నప్పుడల్లా నేను ఈ రెండు సంవత్సరాలూ గుర్తు చేస్తాను. జనానికి కావలసింది లెక్కల్లో తగ్గుదల ఒక్కటే అయితే ఇలా జరగదు. తమను ఇన్నాళ్లు ఏడిపించినవాడు తలవంచడం కళ్లారా చూడాలి. అది మనిషి సహజం. దాన్ని తిట్టడం నాకు చేతకాదు.

బుకేలే ఈ సంగతి అందరికన్నా బాగా పట్టుకున్నాడు. అతను 2019లో మొదటిసారి గెలిచింది 53 శాతంతో. అతని ప్రభుత్వమూ లోపాయికారీగా ముఠాలతో మాట్లాడుతోందని 2020లో ఎల్ ఫారో అనే అక్కడి పత్రిక బయటపెట్టింది. 2021 డిసెంబరులో అమెరికా ఆర్థిక శాఖ అదే కారణంతో ఇద్దరు అధికారుల మీద ఆంక్షలు పెట్టింది. బుకేలే కాదంటాడు. ఏమైనా 2022 మార్చి 26న, ఒక్క శనివారం, 62 మందిని చంపేశారు. మూడు రోజుల్లో 87 మంది. మర్నాడే అత్యవసర పరిస్థితి వచ్చింది. 72 గంటల్లో కోర్టుకు చూపాల్సిన మనిషిని 15 రోజులు ఉంచుకోవచ్చు. లాయరు హక్కు లేదు. మన దగ్గర 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలన్నది రాజ్యాంగంలోనే ఉంది, పోల్చుకోవడానికి చెబుతున్నాను. 30 రోజులకని పెట్టిన ఆ అత్యవసర పరిస్థితిని నెలనెలా పొడిగిస్తూ మూడేళ్లు దాటించారు.

ఫలితం వచ్చిందా అంటే, వచ్చింది. ఇక్కడ దొంగ లెక్కలు చెప్పను. అధికారిక లెక్కల ప్రకారం 2023లో 154 హత్యలు, 2024లో 114. పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్లు, జైల్లో చనిపోయినవాళ్లు ఈ లెక్కలో రారు. 2015 నుంచే తగ్గుతూ వచ్చి 2021 నాటికే లక్షకు 18కి దిగిందన్నదీ మరిచిపోకూడదు. ఇవన్నీ తీసేసినా పేటల్లో మార్పు నిజమే. బుకేలేని తూర్పారబట్టే ఎల్ ఫారో పత్రికే 2023 ఫిబ్రవరిలో, ముఠాలు చెల్లాచెదురయ్యాయని తన విలేకరులను పేటలకు పంపి మరీ రాసింది. పిల్లలు ఆ పేట నుంచి ఈ పేటకు బంతి ఆడుకోవడానికి వెళ్తున్నారు. కొట్లవాళ్లు మామూళ్లు కట్టడం లేదు. 2024 ఫిబ్రవరిలో అతనికి దాదాపు 85 శాతం ఓట్లు పడ్డాయంటే ఆశ్చర్యం ఎందుకు? అప్పటి రాజ్యాంగం ప్రకారం వెంటనే రెండోసారి పోటీ చేయకూడదు. అంతకు ముందే రాజ్యాంగ ధర్మాసనం జడ్జిలను తీసేసి వేరేవాళ్లను పెట్టుకున్నాడు, వాళ్లు చెయ్యొచ్చన్నారు. ఓటర్లలో ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు.

ఇక ఖరీదు. 80 వేల మందికి పైగా అరెస్టయ్యారు. జనాభాలో రెండు శాతానికి కాస్త తక్కువగా జైల్లో ఉన్నారు, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 2024 నవంబరులో స్వయంగా బుకేలేనే 8 వేల మంది అమాయకులను వదిలామని చెప్పాడు. జైళ్లలో చనిపోయినవాళ్లు 400 దాటారని హక్కుల సంఘాల లెక్క. కొడుకో భర్తో ఏ జైల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియని ఆడవాళ్లు, సబ్బులు, బట్టలు, తిండి సంచుల్లో కట్టుకుని జైలు గేటు దగ్గర నిలబడతారు. పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు చూపమని అడిగే హేబియస్ కార్పస్ పిటిషన్లు వేల సంఖ్యలో వేసినా చాలావాటికి జవాబే రాలేదంటున్నారు. నాబోటి వాడికి ఆ ఒక్క వాక్యం చదివితేనే గుండె జారిపోతుంది.

మరి ఆ తల్లులు కూడా అతనికి ఓటేస్తారా? మీ ప్రశ్నలో లేకపోయినా అసలు కీలకం ఇక్కడుంది. దీనికి జవాబు నాకు ఎల్ సాల్వడార్ కన్నా నా ఆఫీసులోనే ఎక్కువ దొరికింది.

మన దగ్గర 1986 నాటి పీడీ యాక్ట్ ఉంది, వాడుకలో గూండా యాక్ట్ అంటాం. పోలీసు కమిషనరో కలెక్టరో ఆర్డర్ వేస్తే మనిషిని విచారణ లేకుండా ఏడాది దాకా ఉంచొచ్చు. సలహా మండలి ముందు లాయర్ని పెట్టుకునే హక్కు ఉండదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి సెల్‌ఫోన్ స్నాచింగ్ కేసుల్లో బెయిల్ వచ్చింది. షూరిటీలు పెట్టి, రిలీజ్ ఆర్డర్ జైలుకు చేరే లోపే పీడీ ఆర్డర్ చేతిలో పెట్టారు. ఆ ఆర్డర్ మూడో పేజీలో వేరే ఎవరిదో పేరు ఉంది. పాత ఫైలు కాపీ కొట్టి కొత్త పేరు దిద్దేటప్పుడు ఒక చోట మరిచిపోయారు. వాళ్లమ్మ ఇళ్లలో పనిచేస్తుంది. ఫీజు సంగతి తర్వాత చూద్దాంలే అన్నాను. ఆమె అన్న మాట: "సార్, ఆ బ్యాచ్‌ని మొత్తం లోపలేసిండ్రు, మంచిగనే చేసిండ్రు. రాత్రిపూట ఆడపిల్లలు తిరగలేకపోతుండె. మావోన్ని ఎందుకు తీస్కపోయిండ్రు?"

ఆమెకు ఇందులో వైరుధ్యం ఏమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే వైరుధ్యం లేదు కూడా. ఆమె రౌడీల బాధ పడిందీ నిజమే, పోలీసుల బాధ పడుతున్నదీ నిజమే. అదే బస్తీలో చికెన్ కొట్టు ఆయన నాకు పాత పరిచయం. నెలకు ఇంతని ఆ బ్యాచ్‌కి కట్టేవాడు. "మీరు వాణ్ని బయటికి తెస్తే మళ్లీ నా గల్లా మీద కూర్చుంటాడు" అని నా ముఖం మీదే అన్నాడు. హైకోర్టు ఆ డిటెన్షన్ కొట్టేసేసరికి కుర్రాడు ఏడు నెలలు లోపలున్నాడు. తెలంగాణలో ఈ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు కూడా 2023 సెప్టెంబరులో గట్టిగా మందలించింది. ఆ తీర్పు చికెన్ కొట్టు ఆయనకు చెప్పి చూశాను. "సుప్రీంకోర్టు వాళ్లకు కొట్టుందా?" అన్నాడు.

కఠిన చర్యలకు చెయ్యెత్తే మనిషి తనను ఎప్పుడూ బాధితుడి చోటే ఊహించుకుంటాడని నేను చాలాకాలం నుంచి చెబుతూ వచ్చాను. ఫిలిప్పీన్స్ లెక్కలు చూశాక అది పూర్తి నిజం కాదనిపించింది. అక్కడ అధ్యక్షుడు రోడ్రిగో దుతెర్తే 2016లో డ్రగ్స్ మీద యుద్ధం ప్రకటించాడు. పోలీసుల లెక్క ప్రకారమే 6 వేల మందికి పైగా చచ్చిపోయారు, హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ ఏడాది డిసెంబరులో సోషల్ వెదర్ స్టేషన్స్ అనే సంస్థ సర్వే చేస్తే, ఎనిమిది పదుల పైచిలుకు శాతం మంది ఆ కార్యక్రమం బాగుందన్నారు. అదే సర్వేలో దాదాపు 80 శాతం మంది, మమ్మల్నో మాకు తెలిసినవాళ్లనో కూడా అలా చంపేస్తారేమోనని భయంగా ఉందన్నారు. నిందితులను ప్రాణాలతో పట్టుకోవాలని 90 శాతం పైగా అన్నారు. మూడూ ఒకే జనం చెప్పినవే. భయపడుతూనే మెచ్చుకుంటారు. దుతెర్తేని 2025 మార్చిలో అరెస్టు చేసి ద హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి తీసుకెళ్లారు. రెండు నెలలకు, జైల్లో ఉండగానే, సొంత ఊరు దవావ్ అతన్ని మేయరుగా గెలిపించింది.

నాయకులకు ఇది ఎందుకు అంత ముద్దు? ఫోటో వస్తుంది కాబట్టి. బుకేలే 2023లో తెరిచిన సెకాట్ అనే పెద్ద జైలు వీడియోలు మీరూ చూసే ఉంటారు. గుండ్లు గీయించి, తెల్ల నిక్కర్లు వేయించి, ఒకరి వీపు మీదికి ఒకర్ని వంచి వరసల్లో కూర్చోబెట్టినవి. 40 వేల మందికని కట్టారు. మంచి దర్యాప్తుకు అలాంటి ఫోటో ఉండదు. చార్జిషీటు తొంభై రోజుల లోపు పడిందని ఎవరు ఫ్లెక్సీ కడతారు? లాభం ఈ ఎన్నికలకే చేతికొస్తుంది, నష్టం వచ్చేది తర్వాతి వాళ్ల హయాంలో. ప్రతిపక్షం నోరెత్తితే గూండాల పార్టీ అనిపించుకుంటుంది. నాలాంటి వాళ్లకూ ఇది మామూలే. 'బాధితురాలైన ఆ పిల్ల హక్కులు ఏమయ్యాయి, ముందు అది చెప్పు' అని బంధువుల పెళ్లిలో నిలదీసిన వాళ్లున్నారు.

అనుకరించిన వాళ్ల సంగతి త్వరగా చెబుతాను. హోండూరస్ 2022 డిసెంబరులో అత్యవసర పరిస్థితి పెట్టింది, హత్యలు కొంత తగ్గాయి కానీ వసూళ్లు పోలేదు. ఈక్వడార్‌లో 2024 జనవరిలో ముఠా వాళ్లు లైవ్‌లో ఉన్న టీవీ స్టూడియోలోకి తుపాకులతో చొరబడ్డాక అధ్యక్షుడు డేనియల్ నొబోవా సైన్యాన్ని దింపాడు. ఆ ఏప్రిల్‌లో పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలో భద్రతకు సంబంధించినవన్నీ నెగ్గాయి. 2025 ఏప్రిల్‌లో ఎన్నికలూ గెలిచాడు. కానీ అక్కడి ముఠాల డబ్బు కొకైన్ ఎగుమతిది, కొట్లమీద వసూళ్లది మాత్రమే కాదు. రేవుల్లో, జైళ్లలో, ఆఫీసుల్లో వాళ్ల మనుషులున్నారు. 2024లో కాస్త తగ్గిన హత్యలు 2025లో మళ్లీ ఎగబాకాయి. ఆ నవంబరులో నొబోవా ఇంకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం నాలుగు ప్రశ్నలకు నాలుగూ వద్దన్నారు. దానికి వేరే కారణాలూ ఉన్నాయనుకోండి. సాల్వడార్ ముఠాలు చూడటానికి భయంకరంగా ఉన్నా డబ్బులో చాలా పేద ముఠాలు. ఎవరు ముఠావాడో పేటలో అందరికీ తెలుసు, ఒంటిమీదే రాసుంది. అందుకే ఏరగలిగారు.

ఇక మన దగ్గర. 2022లో భారతదేశపు హత్యల రేటు లక్షకు 2.1. బుకేలే ఇంత చేసి 2024లో చేరింది 1.9కి. జనాభాలో అక్కడి శాతాన్ని మనకు వర్తింపజేస్తే ఒక్క తెలంగాణలోనే ఆరు లక్షల మందిని జైల్లో పెట్టాలి. 2022 చివర మొత్తం దేశంలోని జైళ్లన్నిటిలో ఉన్నది 5 లక్షల 73 వేల మంది, వాళ్లలో నూటికి 75 మంది విచారణ ఖైదీలే. ఏ రోగానికి ఆ మందు వేద్దామంటున్నారో చెప్పాలి. గంజాయి బ్యాచ్ మీ సందులో కూర్చుని వెకిలి చేష్టలు చేస్తుంటే మీకు ఒళ్లు మండటం న్యాయమే. కానీ ఆ సరుకు వచ్చేది ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి. సందులో కుర్రాణ్ని లోపలేస్తే వారం తిరక్కుండా ఇంకో కుర్రాడు కూర్చుంటాడు. చట్టం చాలడం లేదా అంటే, 20 కిలోలు దాటిన గంజాయి కేసులో బెయిల్ తేవడం ఎంత గగనమో నన్నడగండి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షన్ అచ్చంగా వ్యవస్థీకృత నేరాల కోసమే పెట్టారు, మరణశిక్ష దాకా ఉంది.

మనకూ చప్పట్ల చరిత్ర ఉంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురూ పోలీసుల చేతిలో చనిపోతే పోలీసులకు పూలదండలు వేశారు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయినప్పుడు వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. దాని మీద తదుపరి చర్యలకు 2024లో హైకోర్టు స్టే ఇచ్చింది, కాబట్టి ఆఖరి మాట ఇంకా రాలేదు. మొదటి సంఘటనతో మృగాళ్లకు భయం పుట్టిందన్నారు. పదకొండేళ్లకు రెండోది జరిగింది.

ముఠా నేరం అంటే నాకు ముందు గుర్తొచ్చేది నయీం. మాజీ నక్సలైటు, 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్య కేసులో నిందితుడు. తర్వాత భూముల సెటిల్‌మెంట్లు, బెదిరింపులతో సామ్రాజ్యం నడిపాడని కేసులు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆ వారమంతా బాధితులు ధైర్యం తెచ్చుకుని స్టేషన్లకు క్యూ కట్టారు. ఇన్నేళ్లు వాడి వెనక ఎవరున్నారని రాష్ట్రమంతా అడిగింది. సిట్ వేశారు, కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ కూడా చేశారు. కానీ ఆ వ్యవహారమంతా తెలిసిన ముఖ్యుడు బోనెక్కి చెప్పే అవకాశమే లేకుండా పోయింది. ముఠాను కూల్చాలంటే నాయకుడి నోరు కావాలి. ప్రాణాలతో పట్టుకోమని డిఫెన్స్ లాయర్లం అనేది ముద్దాయి మీద ప్రేమతోనే అనుకోకండి.

అయినా పూలు చల్లినవాళ్లను నేను తప్పుపట్టను, ఎందుకంటే కోర్టు వరండా ఎలా ఉంటుందో నాకు తెలుసు. సాక్షి పొద్దున్న పదింటికి వస్తాడు, ఆ రోజు కూలి పోగొట్టుకుని. కూర్చోవడానికి ఒకటే బెంచీ ఉంటుంది, దాని రెండో చివర ముద్దాయి తాలూకు మనుషులు కూర్చుని ఉంటారు. ఎవరూ ఏమీ అనరు. టీ తాగుతావా అని అడుగుతారు, అంతే. సాయంత్రం నాలుగింటికి పీపీ గారు, అంటే ప్రభుత్వ లాయరు, రాలేదని వాయిదా పడుతుంది. ఇలా మూడు నాలుగు వాయిదాలు తిరిగాక ఆ సాక్షి బోనెక్కి 'నాకేం తెలియదు' అంటాడు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018లోనే సుప్రీంకోర్టు దేశమంతటికీ చట్టంతో సమానంగా అమలు చెయ్యమంది. మీ ఊళ్లో ఎవరికైనా దాని పేరు తెలుసేమో అడిగి చూడండి. మీ ఎమ్మెల్యేని అడగాల్సిందీ దాని గురించే. మన జిల్లాలో ఈ ఏడాది వసూళ్ల కేసులు ఎన్ని పెట్టారు, ఎన్నిట్లో శిక్ష పడింది, సాక్షులు ఎన్నిట్లో అడ్డం తిరిగారు అని.

ఇది జరిగే పనేనా అంటే, జరగడం చూశాను. మామూలు ఇవ్వలేదని ఒక దుకాణదారుణ్ణి కత్తితో పొడిచిన కేసు, సెషన్స్ కోర్టులో. దర్యాప్తు అధికారి చార్జిషీటు గడువులోపు వేశాడు. పక్క కొట్ల వాళ్లిద్దరి చేత మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ముందే ఇప్పించాడు. జడ్జి గారు వాయిదాలు ఇవ్వకుండా వరసగా సాక్షులను విచారించారు, సాక్షులను వరండాలో కాకుండా లోపలి గదిలో కూర్చోబెట్టారు. ఆ ఇద్దరూ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎంత గుచ్చి అడిగినా ఒక్క మాట తప్పలేదు. అడిగింది నేనే, ముద్దాయి తరఫు లాయర్ని. ఏడేళ్లు శిక్ష పడింది. అప్పీలు వేశాం, ఇంకా నంబరు రాలేదు. ఆ బజార్లో మాత్రం మామూళ్ల కోసం మళ్లీ ఎవరూ రాలేదని ఆ కొట్లవాళ్లలో ఒకాయన ఈమధ్య వేరే పని మీద వచ్చి చెప్పాడు.